అంతర్యుద్ధంలో అన్నం పెట్టేవాళ్లకు జెండా ఉండొచ్చా? (స్పెయిన్, 1936–39)

కొండవీటి_చేంతాడు:
"యుద్ధంలో సాయం చేసేవాళ్లు పక్షం పడితే అది సాయం కాదు, ప్రచారం" అని మొన్న ఇక్కడ ఒకరు రాశారు. నేను ఒప్పుకోను. స్పెయిన్‌లో సీఎన్‌టీ అనే అరాచకవాద కార్మిక సంఘం 1937లో ఎస్ఐఏ అనే అంతర్జాతీయ ఫాసిస్టు వ్యతిరేక సంఘీభావ సంస్థ పెట్టింది. దాని కోసం లండన్‌లో ఎమ్మా గోల్డ్‌మన్, ఫ్రాన్స్‌లో లూయీ లెకోయిన్ పనిచేశారు. బట్టలు, మందులు, తిండి పోగు చేసి పంపారు. రిపబ్లిక్ ప్రభుత్వం మీద తిరగబడ్డ జనరల్ ఫ్రాంకోకు ఎదురు నిలిచారు, ఫాసిస్టు వ్యతిరేకులమని పేరులోనే చెప్పుకున్నారు. అయితే ఆ తిండి తిన్న పిల్లల ఆకలి తీరలేదా?

మునగచెట్టు:
ప్రభుత్వమే వద్దనేవాళ్లు కదా వీళ్లు! మరి ఆ సీఎన్‌టీ నాయకురాలు ఫెదెరికా మోంత్సెనీ రిపబ్లిక్ ప్రభుత్వంలో ఆరోగ్య మంత్రి ఎలా అయ్యారు? ముందు దీనికి జవాబు చెప్పండి.

కొండవీటి_చేంతాడు:
1936 నవంబర్‌లో చేరారు, 1937 మేలో బయటికి వచ్చారు. ఎస్ఐఏ ఊపందుకుంది ఆ తర్వాతే. దీనికీ దానికీ ముడిపెట్టకండి.

మునగచెట్టు:
ముడి ఉందండీ. ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయి జనం రోడ్డున పడ్డప్పుడు చందాలతో ఎందరికి పెడతారు? ఖజానా కావాలి, ఆసుపత్రులు కావాలి. అది తెలిసే ఆమె మంత్రి పదవి తీసుకున్నారు.

శారద_బెజవాడ:
మంత్రి సంగతి పక్కన పెట్టండి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు మేం సింగ్‌నగర్‌లో మేడ మీద చిక్కుకుపోయాం. అమ్మకు షుగర్. పొద్దున్నుంచీ ఏమీ తినలేదు. పడవలో ఒక బృందం వచ్చింది, పేరు చెప్పను. పులిహోర పొట్లం చేతిలో పెట్టే ముందు బ్యానర్ పట్టుకుని ఫొటో దిగమన్నారు. "మీరు ఎవరి తాలూకు?" అని కూడా అడిగారు. అమ్మ ఆ పొట్లం తీసుకోనంది. స్పెయిన్‌లో క్వేకర్లు, అంటే యుద్ధమే వద్దనే ఒక క్రైస్తవ శాఖవాళ్లు, కూడా పనిచేశారు. బార్సిలోనాలో శరణార్థి పిల్లలకు పాలు పోశారు. అమెరికా క్వేకర్లయితే ఇటు రిపబ్లిక్ వైపూ, అటు ఫ్రాంకో వైపూ పెట్టారు. ఎవరి బిడ్డవని అడగలేదు. సాయమంటే నాకు అదీ.

రాతిగుండు:
నెహ్రూ గారు 1938 జూన్‌లో బార్సిలోనా వెళ్లారు. మన దేశంలోనూ స్పెయిన్ కోసం చందాలు వేశారు. అదీ పక్షం పట్టడమేగా?

కొండవీటి_చేంతాడు:
శారద గారూ, మీ అమ్మగారికి జరిగింది దారుణం. కానీ వరద వేరు, యుద్ధం వేరు. వరదకు శత్రువులుండరు. "మేం ఎటూ జోక్యం చేసుకోం" అని 1936లో యూరప్ దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. సంతకం పెట్టిన జర్మనీ, ఇటలీలే ఫ్రాంకోకు విమానాలు పంపాయి. స్పెయిన్‌లోని గెర్నికా ఊరి మీద బాంబులు వేసింది వాళ్లే. బ్రిటన్, ఫ్రాన్స్ మాత్రం తటస్థం అంటూ కూర్చున్నాయి. ఆ తటస్థం ఎవరికి కలిసొచ్చింది?

శారద_బెజవాడ:
నేను ఆయుధాల గురించి అడిగానా? పాల గురించి అడిగాను! ప్రతిసారీ మాట మార్చేస్తారు మీరు.

కొండవీటి_చేంతాడు:
మార్చింది మీరు. ప్రాణాలకు తెగించి పనిచేసినవాళ్లను ఫొటోల బృందంతో సమానం చేశారు. ఆ మాట నాకు నొప్పి పుట్టించింది.

శారద_బెజవాడ:
నొప్పి నాకు లేదా? ఆకలితో ఉన్న ముసలామెను ఎవరి తాలూకు అని అడిగారండీ! జెండా ఏ రంగుదైతే నాకెందుకు? పట్టీలో ఎవరి పేరు రాయాలో, ఎవరిది కొట్టేయాలో ఆ జెండావాళ్లే తేలుస్తారు చూడండి, నా భయం అక్కడ.

మునగచెట్టు:
ఈ మాట మొదటే చెప్పాల్సిందండీ.

కొండవీటి_చేంతాడు:
పట్టీ గురించే అయితే వినండి. 1939 మొదట్లో బార్సిలోనా ఉన్న కాటలోనియా ప్రాంతం ఫ్రాంకో చేతికి చిక్కాక లక్షల మంది పిరెనీస్ కొండలు దాటి ఫ్రాన్స్‌లో పడ్డారు. ఆర్జెలెస్ బీచ్‌లో ముళ్లకంచె వేసి ఇసుకలో ఉంచారు. మొదట్లో నెత్తిన కప్పు కూడా లేదు. అక్కడి నుంచి మెక్సికోకు ఓడలు కదిలినప్పుడు ఎవరు ఎక్కాలో పట్టీ రాసింది రిపబ్లిక్ ప్రధాని నెగ్రీన్ మనుషుల సంస్థ. మాకు చోటివ్వలేదని అరాచకవాదులు అప్పుడే మొత్తుకున్నారు. కమ్యూనిస్టుల సాయ సంస్థ రెడ్ ఎయిడ్ ఉండగా ఎస్ఐఏ అని వేరే సంస్థ ఎందుకని అడుగుతారే, ఇందుకే. తమవాళ్లను ఎవరూ పట్టించుకోరని వాళ్లకు ముందే తెలుసు.

శారద_బెజవాడ:
నేను చెప్పిందే మీరూ చెప్పారు. పక్షం ఉన్నవాళ్లు రాస్తే పట్టీలో అవతలివాళ్లు పోయారు. దానికి మందు ఇంకో పక్షం పట్టీనా? అప్పుడు ఏ సంఘంలోనూ లేని కూలివాడి పేరు ఎవరు రాస్తారు?

కొండవీటి_చేంతాడు:
అతని పేరు క్వేకర్లు రాశారనుకుందాం. ఓడలో సీటు ఇప్పించగలిగారా? పాలు పోయగలిగారు, అంతే. సీటు కోసం కొట్లాడాలి. కొట్లాడాలంటే వెనక మనుషులుండాలి.

శారద_బెజవాడ:
ఉండాలి, కాదనను. ఆ కొట్లాట అన్నం గిన్నె దగ్గర వద్దంటున్నాను. గిన్నె దగ్గర "ఎవరి తాలూకు" అనే ప్రశ్న రాకూడదు. ఎస్ఐఏ అడగలేదని మీకు నమ్మకముంటే చూపించండి, వింటాను.