బ్లేడ్ రన్నర్ మొదటిసారి చూస్తున్నాం, ఏ వెర్షన్ పెట్టాలి?

కావలి కుర్రోడు:
అన్నలకు నమస్తే. 1982 నాటి బ్లేడ్ రన్నర్ ఈ శనివారం రాత్రి మా నాన్నతో కలిసి చూద్దామనుకుంటున్నా. ఆయన రైల్వేలో రిటైరయ్యారు. పాత ఇంగ్లీషు సినిమాలంటే ప్రాణం గానీ, మాటలు అంత తేలిగ్గా అందవు. వెతికితే థియేటర్ వెర్షన్, ఇంటర్నేషనల్ వెర్షన్, డైరెక్టర్స్ కట్, ఫైనల్ కట్ అని నాలుగు కనిపించాయి. ముందు ఏది చూడాలి? దయచేసి కథ చెప్పొద్దు.

ఒంగోలు లాయర్‌పేట:
థియేటర్ వెర్షన్ పెట్టు తమ్ముడూ. హీరో హారిసన్ ఫోర్డ్ గొంతు వెనకనుంచి కథ చెప్తూ ఉంటుంది. నాన్నగారికి సులువు.

నెల్లూరు ట్రంకురోడ్డు:
లాయర్‌పేట అన్నా, నేను ఒప్పుకోను. టెస్ట్ షోలలో జనానికి అర్థం కాలేదని ఆ గొంతు పెట్టించారు. చివర్లో కారు కొండల్లో పోయే షాట్లూ అప్పుడు అతికించినవే. వాటిలో కొన్ని డైరెక్టర్ కుబ్రిక్ తన 'ది షైనింగ్' సినిమా కోసం తీసి, వాడకుండా వదిలేసినవి.

నా బాధంతా ఒక్క సీను గురించి. చివర్లో నటుడు రట్గర్ హావర్ వానలో కూర్చుని నాలుగు మాటలు మాట్లాడతాడు. ఏం జరుగుతుందో చెప్పను. ఆ మాటలయ్యాక వాన, వాంగెలిస్ సంగీతం తప్ప ఇంకేమీ వినపడకూడదు. థియేటర్ వెర్షన్‌లో సరిగ్గా అక్కడ హీరో గొంతు దూరి, మనం ఏమనుకోవాలో తనే చెప్పేస్తుంది. ఆ సీను మొదటిసారి చూడటమనేది మనిషికి ఒక్కసారే దొరుకుతుంది తమ్ముడూ, దాన్ని పాడుచేసుకోవద్దు.

1992 డైరెక్టర్స్ కట్‌లో ఆ గొంతు తీసేశారు, ఆ ముగింపూ తీసేశారు. అయినా డైరెక్టర్ రిడ్లీ స్కాట్ చేతికి పూర్తిగా వచ్చింది 2007 ఫైనల్ కట్ ఒక్కటే. ఒక సీనులో డూప్ మొహం తెలిసిపోతుంటే, నటి జోవానా కాసిడీని పాతికేళ్ల తర్వాత పిలిపించి ఆమె మొహం పెట్టారు. అంత శ్రద్ధ. ఇంటర్నేషనల్ అంటే థియేటర్ వెర్షనే, కాస్త హింస ఎక్కువ.

నాన్నగారి సంగతి: మొదట్లో తెరమీద పైకి పాకే అక్షరాల దగ్గర ఆపి, తెలుగులో చెప్పు. రెప్లికెంట్లు, అంటే మనుషుల్లా తయారుచేసిన కృత్రిమ మనుషులు, ఎవరో, వాళ్లని వేటాడేది ఎవరో అందులోనే ఉంది. తర్వాత పోలీసు బాస్ ఆఫీసు సీను దగ్గర ఇంకోసారి ఆపు. ఈ రెండూ అందితే మిగతాది బొమ్మే చెప్తుంది. కథంతా నవంబరులో, లాస్ ఏంజిలిస్‌లో, మన కార్తీకమాసం ముసురులాంటి వానలో నడుస్తుంది.

ఇంకోటి. నిడివి చూసి ఏ వెర్షనో పోల్చుకోలేవు, అన్నీ రెండు గంటలకు దగ్గరే. హీరో మొదట నూడుల్స్ అంగడి దగ్గర పేపర్ చదువుతూ కనిపిస్తాడు. అక్కడ వెనకనుంచి గొంతు వినిపిస్తే ఆపేసి వేరేది వెతుకు.

చీరాల పేరాల:
ఫైనల్ కట్‌కే నా ఓటు. చీకటిగా ఉందని టీవీ బ్రైట్‌నెస్ పెంచొద్దు, ఆ నీడలే ఆ సినిమా అందం. గదిలో లైటు ఆర్పండి.

కావలి కుర్రోడు:
థ్యాంక్స్ అన్నా, ఫైనల్ కట్ ఖాయం. ఆ అక్షరాలు ముందే తెలుగులో రాసిపెట్టుకుంటా. 2017లో వచ్చిన రెండో భాగం 'బ్లేడ్ రన్నర్ 2049' కూడా అదే రాత్రి చూసేయొచ్చా?

నెల్లూరు ట్రంకురోడ్డు:
వద్దు. అది ముప్పై ఏళ్ల తర్వాతి కథ, పైగా రెండు గంటల నలభై నిమిషాల పైనే. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక పెట్టుకోండి.