రెండు సీట్ల విమానానికి గేర్‌బాక్స్ ఉన్న తేలిక ఇంజనా, పాత పద్ధతి ఇంజనా?

రెండో సీటు:
మేం కొందరం కలిసి కిట్ తెచ్చుకుని రెండు సీట్ల విమానం కట్టుకుంటున్నాం. ఫ్రేము పని దాదాపు అయిపోవచ్చింది, ఇంజన్ దగ్గర ఆగిపోయాం. సగం మంది రోటాక్స్ 912 యూఎల్‌ఎస్ అంటున్నారు, మిగతా సగం కాంటినెంటల్ ఓ-200 అంటున్నారు. రెండూ 100 హార్స్‌పవరే. మొదటిది 1.35 లీటర్ల ఇంజన్. 5,800 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దాకా తిరిగి, గేర్‌బాక్స్ ద్వారా ప్రొపెల్లర్‌ని తిప్పుతుంది. రెండోది 3.3 లీటర్లు, 2,750 ఆర్‌పీఎం, ప్రొపెల్లర్ నేరుగా ఇంజన్ ఇరుసుకే, అంటే క్రాంక్‌షాఫ్ట్‌కే, బిగించి ఉంటుంది. అంత చిన్న ఇంజన్‌ని అంత వేగంగా తిప్పుతూ దాని మీద ప్రాణాలు పెట్టుకోవచ్చా? మా మధ్య గొడవంతా ఇదే.

హ్యాంగర్ మనిషి:
నా ఓటు ఓ-200కే. సెస్నా 150 శిక్షణ విమానంలో దాని మీద నేర్చుకున్న పైలట్లు ఎన్ని తరాల వాళ్లో! అందులో గేర్‌బాక్స్ లేదు, రేడియేటర్ లేదు, నీళ్ల గొట్టాలు లేవు. లేని భాగం పాడవదు కదా. పైగా అది పాడయ్యే ముందు చెప్తుంది. కంప్రెషన్ తగ్గుతుంది, ఆయిల్ ఎక్కువ తాగుతుంది, ఫిల్టర్ కోసి చూస్తే లోహపు రజను కనిపిస్తుంది. ఒక సిలిండర్ బాగోలేకపోతే ఆ ఒక్కటే ఊడదీసి బాగుచేసుకోవచ్చు. చిన్న ఇంజన్‌ని ఎప్పుడూ గరిష్ఠానికి దగ్గర్లో తిప్పుతుంటే అరుగుదల ఉండదంటే నేను నమ్మను.

పిస్టన్ ప్రియ:
హ్యాంగర్ మనిషి గారూ, మీ అనుభవం మీద నాకు గౌరవం ఉంది. కానీ అరుగుదల లెక్క ఆర్‌పీఎంతో కట్టకూడదు. పిస్టన్ సిలిండర్‌లో ఎంత వేగంతో పైకీ కిందికీ జరుగుతోందో చూడాలి. 912 యూఎల్‌ఎస్‌లో స్ట్రోక్, అంటే పిస్టన్ ఒకసారికి జరిగే దూరం, 61 మిల్లీమీటర్లే. 5,500 ఆర్‌పీఎం దగ్గర పిస్టన్ సగటు వేగం సెకనుకు 11.2 మీటర్లు. ఓ-200 స్ట్రోక్ 98 మిల్లీమీటర్ల పైచిలుకు, 2,750 దగ్గర దాని పిస్టన్ వేగం సెకనుకు 9 మీటర్లు. ఆర్‌పీఎం రెట్టింపు ఉన్నా పిస్టన్ వేగంలో తేడా పాతిక శాతం లోపే. ఆర్‌పీఎం చూపే టాకోమీటర్ మీద 5,500 అంకె చూసి భయపడేవాళ్లు చాలామంది ఈ లెక్క వేసుకోరు.

గేర్‌బాక్స్ కూడా ఊరికే పెట్టలేదు. 1.7 మీటర్ల ప్రొపెల్లర్‌ని 5,500 దగ్గర నేరుగా తిప్పితే దాని కొసలు ధ్వని వేగాన్ని దాటిపోతాయి. మోతే తప్ప లాగే బలం ఉండదు. 2.43కి ఒకటి నిష్పత్తిలో తగ్గిస్తే ప్రొపెల్లర్ 2,260 దగ్గర తిరుగుతుంది. అంటే మీ ఓ-200 ప్రొపెల్లర్ కన్నా నిదానంగా, తక్కువ శబ్దంతో.

ఇక బరువు. రేడియేటర్, ఆయిల్ ట్యాంకు అన్నీ కలుపుకున్నా ఓ-200 కన్నా రోటాక్స్ దాదాపు 20 కిలోలు తేలిక. రెండు సీట్ల విమానంలో అది చిన్న విషయం కాదు. ఆ బరువుకి సరిపడా పెట్రోల్ పోసుకుంటే గంటకు పైగా ఎక్కువ ఎగరొచ్చు. ఓవర్‌హాల్ (పూర్తిగా విప్పి బాగుచేసే) గడువు అంటారా, రోటాక్స్‌కి 2,000 గంటలు, ఓ-200కి రకాన్ని బట్టి 1,800 నుంచి 2,000. రోటాక్స్‌కి మొదట్లో అంత ఇవ్వలేదు. తక్కువతో మొదలుపెట్టి తర్వాత 1,500 చేశారు, వేలాది ఇంజన్లు ఎగిరి నిరూపించాకే 2,000కి పెంచారు.

హ్యాంగర్ మనిషి:
పిస్టన్ వేగం లెక్క బాగుంది, దాన్ని కాదనను. కానీ రబ్బరు సంగతి చెప్పలేదేం? రోటాక్స్‌లో గొట్టాలు, కార్బురేటర్ రబ్బర్లు, ఇంధన పంపు లాంటివన్నీ ఐదేళ్లకోసారి మార్చాల్సిందే, ఎగిరినా ఎగరకపోయినా. వారాంతంలో మాత్రమే ఎగిరేవాళ్లకి అది భారమే.

పిస్టన్ ప్రియ:
నిజమే, భారమే. అయితే ఎక్కువ కాలం పార్కింగ్‌లో పడి ఉండే విమానంలో పాత ఇంజన్ కూడా ఊరికే ఉండదు. ఉదాహరణకి, లైకమింగ్ కంపెనీ చేసే పాత పద్ధతి ఇంజన్లలో వాల్వులని కదిలించే క్యామ్‌షాఫ్ట్ క్రాంక్‌షాఫ్ట్‌కి పైన ఉంటుంది. వారాల తరబడి స్టార్ట్ చెయ్యకపోతే దాని మీది ఆయిల్ అంతా కిందికి జారిపోయి తుప్పు పడుతుంది. పైలట్ చెయ్యాల్సిన పని కూడా ఎక్కువే. మిక్చర్ (పెట్రోల్, గాలి పాళ్లు) చేత్తో సర్దుకోవాలి, దిగేటప్పుడు పవర్ ఒక్కసారిగా తగ్గిస్తే సిలిండర్లు చల్లబడిపోతాయని టెన్షన్. ఓ-200కైతే కార్బురేటర్‌లో మంచు పట్టే గుణం మరీ ఎక్కువ. 912లో రెండు కార్బురేటర్లు ఎత్తుని బట్టి మిక్చర్‌ని వాటంతట అవే సర్దుకుంటాయి.

నేను చూసినంతలో రోటాక్స్‌కి చెడ్డపేరు ఎక్కువగా పాత అలవాట్ల వల్లే వస్తోంది. ఓ-200 ఐడిల్‌లో ఎంత మెల్లగా తిరిగితే అంత ముద్దు. రోటాక్స్‌ని 1,400 కిందికి దించితే గేర్‌బాక్స్‌లో పళ్లు ఒకదాన్నొకటి కొట్టుకుంటూ ఉంటాయి. స్టార్ట్ చేశాక రెండు నిమిషాలు 2,000 దగ్గర, తర్వాత 2,500 దగ్గర ఉంచి, ఆయిల్ 50 డిగ్రీలకు చేరాకే టేకాఫ్‌కి వెళ్లాలి.

ఆయిల్ చూసే పద్ధతి కూడా వేరు. ఇంజన్ అడుగున ఆయిల్ నిలవదు, విడిగా ట్యాంకులో ఉంటుంది. ఇగ్నిషన్ స్విచ్‌లు రెండూ ఆపి ఉన్నాయని చూసుకుని, ప్రొపెల్లర్‌ని చేత్తో మెల్లగా తిప్పుతూ పోవాలి. ప్రతి కంప్రెషన్ దగ్గరా కాస్త ఆపి పట్టుకుంటే పిస్టన్ల పక్కనుంచి జారిన గాలి అడుగున ఉన్న ఆయిల్‌ని ట్యాంకులోకి నెడుతుంది. చివరికి ట్యాంకులో గుడగుడమని చప్పుడు వస్తుంది. అప్పుడు కొలకర్ర పెట్టి చూస్తేనే అసలు మట్టం తెలుస్తుంది. ఆ చప్పుడు రాకముందే చూసి, తక్కువుందనుకుని ఆయిల్ పోసేసేవాళ్లు ఉన్నారు. తిప్పడం కూడా ప్రొపెల్లర్ మామూలుగా తిరిగే దిశలోనే. వెనక్కి తిప్పితే వాల్వులని నెట్టే హైడ్రాలిక్ ట్యాపెట్లలోకి గాలి చేరుతుంది.

నీలిగీత:
గేర్‌బాక్స్ వద్దు, తేలిక మాత్రం కావాలంటే జాబిరు ఉంది కదా? ఆస్ట్రేలియా ఇంజన్, గాలితోనే చల్లబడుతుంది, ప్రొపెల్లర్‌ని నేరుగా తిప్పుతుంది. డీజిల్ సంగతి కూడా ఎవరూ ఎత్తలేదు.

హ్యాంగర్ మనిషి:
జాబిరు విషయంలో తొందరపడకండి. ఇంజన్లు ఆగిపోతున్నాయని 2014 డిసెంబరులో ఆస్ట్రేలియా విమానయాన నియంత్రణ సంస్థే వాటి మీద ఆంక్షలు పెట్టింది. క్రాంక్‌కేసుని పట్టి ఉంచే పొడవాటి బోల్టులు తెగడం వాటిలో తరచూ వినిపించిన లోపం. తర్వాత మార్పులు చేశారు, ఆంక్షలు సడలించారు. కొనేటప్పుడు ఏ తరం ఇంజనో తప్పకుండా అడగండి. నేరుగా ప్రొపెల్లర్ తిప్పినంత మాత్రాన అన్నీ ఓ-200లు అయిపోవు, ఈ మాట నా వాదనకి ఎదురైనా సరే.

పిస్టన్ ప్రియ:
డీజిల్ మంచి దారే, కానీ మీ సైజుకి కాదు. థీలర్ట్ కంపెనీ మెర్సిడెస్ కారు ఇంజన్ ఆధారంగా 135 హార్స్‌పవర్ ఇంజన్ చేసింది. 2008లో ఆ కంపెనీ దివాలా తీసింది. డైమండ్ విమానాల వాళ్లు ఆస్ట్రో ఇంజన్ పేరుతో సొంతంగా 168 హార్స్‌పవర్‌ది తెచ్చుకున్నారు. జెట్ ఇంధనంతో నడుస్తాయి, ఖర్చు తక్కువ. కానీ రెండు సీట్ల కిట్ విమానం మోయగలిగే బరువు కాదు అది.

రెండో సీటు:
ఇంధనం మాటేంటి? సీసం కలిసిన విమాన పెట్రోల్ ఎంతకాలం దొరుకుతుందో అని మాలో కొందరికి దిగులు.

పిస్టన్ ప్రియ:
ఆ దిగులు సబబే. యూరప్‌లో 2025 మే 1 నుంచి ఆ సీసపు రసాయనం వాడాలంటే ప్రత్యేక అనుమతి ఉండాలి. 912 యూఎల్‌ఎస్ మామూలు 95 ఆక్టేన్ పెట్రోల్‌తో నడుస్తుంది, 10 శాతం ఇథనాల్ ఉన్నా ఒప్పుకుంటుంది. సీసం పడితేనే దానికి ఇబ్బంది. గేర్‌బాక్స్‌కీ ఇంజన్‌కీ ఒకే ఆయిల్ కాబట్టి సీసపు మడ్డి అందులోనూ పేరుకుంటుంది. సీసం పెట్రోలే ఎక్కువగా వాడితే ప్రతి 25 గంటలకీ ఆయిల్ మార్చాలి.

హ్యాంగర్ మనిషి:
ఓ-200కి కంప్రెషన్ నిష్పత్తి 7 మాత్రమే. దానికీ కారు పెట్రోల్ వాడుకునే అనుమతులు ఉన్నాయి, అది మర్చిపోవద్దు. ఏ ఇంజనైనా వేడిలో గొట్టంలో పెట్రోల్ ఆవిరై ఆగిపోకుండా ఇంధన గొట్టాలని ఎగ్జాస్ట్‌కి దూరంగా వెయ్యండి.

రెండో సీటు గారూ, ఓటు వేసుకునే ముందు మీ కిట్ డ్రాయింగులు తెరిచి అది ఏ ఇంజన్ బరువుకి గీశారో చూడండి. ఓ-200కి గీసిన ముక్కులో 912 పెడితే బరువు కేంద్రం వెనక్కి పోతుంది. ఇంజన్‌ని పట్టి ఉంచే మౌంట్‌ని పొడిగించి ఇంజన్‌ని ముందుకి జరపాలి, కౌలింగ్ (ఇంజన్ మీది కప్పు) కొత్తది చెయ్యాలి, రేడియేటర్‌కి గాలి దారి ఇవ్వాలి. కిట్ తయారీదారు ఆ మౌంట్ ఇస్తారా లేదా ముందు కనుక్కోండి. ఇవ్వకపోతే మాత్రం సొంతంగా గీసి వెల్డింగ్ చేయించే పని పెట్టుకోకండి.