జుకినీ బ్రెడ్ నడుమ కుంగి, లోపల జిగటగా ఉంటోంది, ఎందుకు?

కావలి వంటిల్లు:
మైదా 200 గ్రాములు, చక్కెర 150, నూనె 120 మి.లీ., గుడ్లు 2, వంటసోడా, బేకింగ్ పౌడర్ చెరి అర టీస్పూను, జుకినీ (కీరదోసలా కనిపించే కూరగాయ) తురుము 250 గ్రాములు, వాల్‌నట్స్ 75. ఓటీజీలో (చిన్న కరెంటు ఓవెన్) 180 డిగ్రీల మీద 45 నిమిషాలు. పైన బాగా ఎర్రబడుతోంది, నడుమ మాత్రం కుంగి పచ్చిగా ఉంటోంది, పప్పులన్నీ అడుక్కి చేరుతున్నాయి. తురుము పిండాలా వద్దా? జుకినీ దొరకనప్పుడు సొరకాయ వేయొచ్చా?

ఒంగోలు ఓవెన్:
తురుము ఎక్కువైందండీ. జుకినీలో దాదాపు 95 శాతం నీళ్లే. మీ మైదాకి 200 గ్రాములు చాలు. తొక్క తీయొద్దు, పెద్ద కన్నాల వైపు తురమండి. సన్నగా తురిమితే గుజ్జై ఇంకా నీరొదులుతుంది. గుడ్డలో వేసి ఒక్కసారి నొక్కితే మూడు నాలుగు చెంచాల నీరు దిగాలి, అంతే. పిప్పయ్యేదాకా పిండితే బ్రెడ్ పొడిబారుతుంది. తురుమును చక్కెరలో ముందే కలిపి ఉంచొద్దు, చక్కెర నీటిని బయటికి లాగేస్తుంది. పిండి కలిపాక చివర్లో వేసి, పొడి కనబడకుండా పోగానే ఆపేయండి.

రెండోది వేడి. చిన్న ఓటీజీలో పై రాడ్ దగ్గరగా ఉంటుంది కాబట్టి లోపల ఉడక్కముందే పైన రంగొస్తుంది. ముందు 15 నిమిషాలు రెండు రాడ్లూ వేసి వేడి చేయండి. టిన్ను పెట్టాక కింది రాడ్ మాత్రమే ఉంచి, 170 మీద 55 నుంచి 60 నిమిషాలు. నలభై నిమిషాల లోపు తలుపు తెరవొద్దు, కుంగడానికి అదీ ఒక కారణం. పుల్ల గుచ్చితే తడి పిండి అంటకూడదు.

నెల్లూరు రుచులు:
పప్పుల సంగతి. 160 మీద 8 నిమిషాలు వేయించి, చల్లారాక శనగగింజంత ముక్కలు చేయండి. చెంచాడు మైదా పట్టిస్తే కొంత ఆగుతాయి గానీ, పిండి పలచనైతే ఏం పట్టించినా మునుగుతాయి. వాల్‌నట్స్ ఖరీదనిపిస్తే వేటపాలెం జీడిపప్పులో ముక్క రకం చాలు, గుండు ఎందుకు! చెనక్కాయ పప్పులైతే వేయించి పొట్టు తీసేయండి. నాకైతే వాల్‌నట్ దే పైచేయి, దాని చిరుచేదు తీపిని సర్దుతుంది. పొద్దుతిరుగుడు పప్పు వేస్తే సోడా తగిలి లోపల ఆకుపచ్చగా మారొచ్చు, హాని లేదు.

కావలి వంటిల్లు:
సొరకాయ సంగతి కూడా చెప్పండి.

ఒంగోలు ఓవెన్:
లేతది నిక్షేపంగా వేయొచ్చు. చెక్కు, గింజలు, నడుమ బెండు తీసేసి తురమండి. నీరెక్కువ కాబట్టి జుకినీ కన్నా గట్టిగా పిండాలి. దానికంటూ వాసన లేదు, టీస్పూను దాల్చినచెక్క పొడి తప్పనిసరి. ఒక్కటి మరువొద్దు: తురిమే ముందు పచ్చి ముక్క నాలుక్కి తగిలించి చూడండి. చేదుంటే వెంటనే ఉమ్మేసి కాయ మొత్తం పారేయండి. ఆ చేదు విషం, ఓవెన్ వేడికి పోదు. జుకినీకీ ఇదే మాట.

నెల్లూరు రుచులు:
టిన్నులో 10 నిమిషాలుంచి జాలీ మీదకి తీయండి, పూర్తిగా చల్లారాకే కోయండి. మన సముద్రపు గాలికి బయట పెడితే త్వరగా బూజు పడుతుంది. ముక్కలుగా కోసి, మూత గట్టి డబ్బాలో ఫ్రిజ్‌లో పెడితే నాలుగు రోజులుంటుంది. మిగిలిన వాల్‌నట్స్ కూడా ఫ్రిజ్‌లోనే ఉంచండి, బయటుంటే కనరెక్కుతాయి.