పెద్దబాపు కాంటెస్సా: సినిమా వచ్చాక బేరాలు పెరిగాయి, అమ్మాలా ఉంచుకోవాలా?

గడియారం సెంటర్, నల్గొండ:
అందరికీ నమస్తే. మా పెద్దబాపు 1991లో కొన్న కాంటెస్సా క్లాసిక్ కారు మిర్యాలగూడలో మా రైస్ మిల్లు షెడ్డులో ఉంది. తెల్ల రంగు, 1.8 ఇసుజు పెట్రోల్ ఇంజిన్, ఏపీ 24 నంబరు. ఎనిమిదేళ్లుగా స్టార్ట్ చేయలేదు. పెద్దబాపు పోయినేడు కాలం చేశారు.

ఒకప్పుడు పాత ఇనుము కింద కూడా ఎవరూ అడగలేదు. 2018లో ఇదే కారుతో 'టాక్సీవాలా' సినిమా వచ్చినప్పటి నుంచి రెండు నెలలకు ఒకరైనా ఫోన్ చేస్తున్నారు. మొన్న హైదరాబాద్ నుంచి ఇద్దరు వచ్చి, బండి పక్కన గంటసేపు ఫోటోలు దిగి, నాలుగు లక్షలు ఇస్తామన్నారు. అన్నయ్య ఇచ్చేద్దామంటున్నాడు. పెద్దమ్మ ఏమీ మాట్లాడటం లేదు. ఈ ధర సినిమా వల్ల వచ్చిందేనా? నిలుస్తుందా? పాత బండ్లు అమ్ముకున్నవాళ్లు, ఉంచుకున్నవాళ్లు మీ అనుభవం చెప్పండి.

రెండు స్ట్రోకులు, వనపర్తి:
తమ్మీ, నేను అమ్ముకున్నవాణ్ణి. నాది 1994 యమహా బైకు, ఆర్‌ఎక్స్ 100. 2016లో పెబ్బేరులో పాలు పోసే ఒకాయనకు 14 వేలకు ఇచ్చేశాను. ఆ రోజుల్లో అది మంచి ధరే అనుకున్నాను. 2018 జులైలో బండి పేరుతోనే సినిమా వచ్చింది. ఆ ఏడు దసరాకు కొత్తకోట బస్టాండు దగ్గర నా బండి కనిపించింది. నల్ల రంగు వేశారు, సైలెన్సర్ మార్చారు. కానీ ట్యాంకు ఎడమవైపు మా ఇంటి గేటు తగిలి పడ్డ సొట్ట అలాగే ఉంది. ధర అడిగితే 85 వేలన్నాడు. కాసేపు సీటు మీద చెయ్యి పెట్టి నిలబడి వచ్చేశాను. డబ్బు పోయినందుకు కాదు, ఆ బండి మీదే మా బాపును ఆసుపత్రికి తీసుకుపోయేవాణ్ణి. తొందరపడొద్దు.

పిల్లలమర్రి, పాలమూరు:
సినిమాకే అంతా ముడిపెట్టొద్దు అన్నా. ఆర్‌ఎక్స్ 100 మన దగ్గర 1985 నుంచి 1996 దాకా తయారైంది. అప్పుడు కాలేజీలో దాన్ని చూసి ఆశపడి, కొనలేకపోయినవాళ్లకు ఇప్పుడు జీతాలున్నాయి, ఇళ్లున్నాయి. వాళ్లు కొంటున్నారు. అందుకే ధర పెరిగింది. సినిమా గుర్తు చేసిందంతే. కాంటెస్సా కూడా అంతే. మన ఊళ్లలో అది మిల్లు ఓనర్ల బండి, కాంట్రాక్టర్ల బండి. చిన్నప్పుడు దాని వెంట పరుగెత్తిన పిల్లలే ఇప్పుడు బేరానికి వస్తున్నారు.

ఇంటర్నెట్ సెంటర్, గద్వాల:
పిల్లలమర్రి అన్నా, మరి నా సంగతేంటి? నేను టొయోటా సుప్రా కారును రోడ్డు మీద ఒక్కసారి కూడా చూడలేదు. గద్వాలలో ఎక్కడ కనిపిస్తుంది? గంటకు 10 రూపాయలిచ్చి 'నీడ్ ఫర్ స్పీడ్' అనే కార్ల రేసు గేమ్ ఆడేవాళ్లం. అక్కడే దాని వెనక రెక్క, గుండ్రటి టెయిల్ లైట్లు మనసులో పడిపోయాయి. ఆ నాలుగో తరం సుప్రా 1993లో వచ్చింది. 2001లో 'ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్' వచ్చాక ప్రపంచమంతా దాని వెంట పడింది. సినిమాలో పాల్ వాకర్ నడిపిన నారింజ రంగు సుప్రా 2021 వేలంలో 5 లక్షల 50 వేల డాలర్లకు పోయింది.

ఇంకో విచిత్రం, ఏఈ86 అనే చిన్న కరోలా. 1983 నుంచి 87 వరకు వచ్చిన 1.6 లీటర్ల మామూలు బండి. 1995లో మొదలైన 'ఇనిషియల్ డి' అనే జపాన్ బొమ్మల కథలో, టోఫు డెలివరీ చేసే కుర్రాడు ఆ బండితో కొండ మలుపుల్లో పెద్ద పెద్ద కార్లను దాటేస్తాడు. అదీ నాకు నచ్చింది. మన దగ్గర పాల క్యాన్లు వేసుకుపోయే బండి రేసు గెలిచినట్టు ఉంటుంది. ఆ కథ వల్లే దాని ధర ఆకాశానికి పోయింది. జ్ఞాపకం లేకపోయినా ప్రేమ పుడుతుందన్నా.

ఘాట్ రోడ్డు, అచ్చంపేట:
గద్వాల తమ్ముడి మాట నిజం. డెలోరియన్ కారు చూడండి. రెక్కల్లా పైకి లేచే తలుపులు, రంగు వేయని స్టీలు బాడీ. ఉత్తర ఐర్లాండ్‌లో 9 వేల దాకా తయారయ్యాయి. ఆ ఆకారానికి ఇంజిన్ మాత్రం 130 హార్స్‌పవర్లే. కంపెనీ 1982లోనే దివాలా తీసింది. ఆ తర్వాత మూడేళ్లకు, 1985లో, ఆ కారునే టైమ్ మెషీన్‌గా చూపించిన 'బ్యాక్ టు ది ఫ్యూచర్' వచ్చింది. ఆ సినిమా లేకపోతే ఈరోజు ఆ కారు పేరు ఎంతమందికి తెలుస్తుంది?

మన కాంటెస్సాదీ దగ్గర దగ్గర అదే కథ. ఇంగ్లండ్‌లోని వాక్స్‌హాల్ బాడీ తెచ్చి, 1984లో దానికి అంబాసిడర్ 1.5 ఇంజిన్ పెట్టారు. చూస్తే పులి, ఎక్సలేటర్ తొక్కితే ఎద్దుబండి. ఇసుజు ఇంజిన్ వచ్చాకే దానికి ప్రాణం వచ్చింది. మీది ఇసుజు కాబట్టి మంచి బండే. ఇక 'టాక్సీవాలా' హీరో విజయ్ దేవరకొండ కుటుంబానిది మా అచ్చంపేట వైపే. మా దగ్గర ఆ సినిమా చూసిన పిల్లలు నెలల తరబడి ఆ కారు గురించే మాట్లాడుకున్నారు. అప్పటిదాకా వాళ్లకు కాంటెస్సా అనే పేరే తెలియదు.

పాత బజార్, సూర్యాపేట:
నా వయసు వాళ్లకు ఇది కొత్త కాదు నాయనా. 1973లో హిందీ 'బాబీ' వచ్చాక అందులోని చిన్న రాజ్‌దూత్ మోటార్ సైకిల్‌ను అందరూ బాబీ బండి అనే పిలిచారు. దాని అసలు పేరు జీటీఎస్ 175. ఇప్పటికీ ఆ పేరుతో అడిగితే ముసలి మెకానిక్కులకు కూడా తెలియదు, బాబీ అంటేనే తెలుస్తుంది.

స్పానర్, జడ్చర్ల:
ముప్పై ఏళ్లుగా షెడ్డు నడుపుతున్నాను. సినిమా పేరుతో వచ్చే బేరాల్లో నాకు భయం ఒక్కటే. ఇద్దరు ముగ్గురు కాంటెస్సాలు తెచ్చి నల్ల రంగు వేయమన్నారు, వెడల్పు టైర్ల కోసం ఫెండర్లు కోయమన్నారు. ఒకటి కోశాను, ఇప్పటికీ బాధగా ఉంది. కోసిన రేకు మళ్లీ దొరకదు. అమెరికాలో ఒక టీవీ సీరియల్ కోసం 300 దాకా పాత డాడ్జ్ చార్జర్ కార్లను గాల్లోకి ఎగిరించి పాడుచేశారని చదివాను. అంత పేరు తెచ్చిందీ, ఉన్నవాటిని తగ్గించిందీ ఆ సీరియలే.

పేరు వల్ల మంచి కూడా ఉంది. ఏఈ86కు అభిమానులు అంతమంది ఉన్నారు కాబట్టే టొయోటా 2021లో దాని పాత పార్ట్స్ మళ్లీ తయారు చేస్తామని ప్రకటించింది. కాంటెస్సాకు ఆ అదృష్టం లేదు. ఇంజిన్ సామాను సికింద్రాబాద్ రాణిగంజ్ మార్కెట్లో తిరిగితే ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. టెయిల్ లైట్లు, అద్దాల బీడింగు, డాష్‌బోర్డు మాత్రం చాలా కష్టం. అవి బాగుంటేనే మీ బండికి విలువ.

ఇప్పుడు పని మాట. దయచేసి బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టొద్దు. పాత పెట్రోలు మొత్తం తీసేయండి, ట్యాంకు కడిగించండి, కార్బురేటర్ విప్పించండి. ప్లగ్గులు తీసి సిలిండర్లలో కొంచెం ఆయిల్ పోసి, ఒక రోజు ఆగి, ఇంజిన్‌ను చేత్తో తిప్పించండి. తిరిగితే సగం గెలిచినట్టే. బ్రేకు వీల్ సిలిండర్లు, రబ్బరు పైపులు మార్చకుండా గేటు దాటించొద్దు. ఆర్‌సీ కూడా చూడండి. పదిహేనేళ్ల తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్ ఉండాలి. వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు 50 ఏళ్లు దాటాలి, మీది 1991 కాబట్టి ఇంకా చాలా కాలం ఉంది. అమ్మినా ఉంచుకున్నా ముందు కాగితాలు సరిచేసుకోండి.

గడియారం సెంటర్, నల్గొండ:
నెల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి. స్పానర్ అన్న చెప్పినట్టే చేశాం. ఇంజిన్ మూడో రోజు తిరిగింది. ట్యాంకులోంచి తుప్పు బొచ్చెడు వచ్చింది. బ్రేకులు అయ్యాక మొన్న ఆదివారం స్టార్ట్ చేశాం. ముందు తెల్ల పొగ, తర్వాత నెమ్మదిగా కుదురుకుంది. చప్పుడు విని పెద్దమ్మ ఇంట్లోంచి షెడ్డుకు వచ్చింది. వెనక ఎడమవైపు తలుపు తనే తీసుకుని కూర్చుంది. ఎప్పుడూ అక్కడే కూర్చునేదట. మిల్లు ఆవరణలో రెండు చుట్లు తిప్పాం. దిగాక అన్నయ్యే ఆ హైదరాబాద్ వాళ్లకు ఫోన్ చేసి అమ్మడం లేదని చెప్పాడు.

రెన్యువల్ కాగితాలు తయారవుతున్నాయి. కుడి టెయిల్ లైట్ పగిలింది. రాణిగంజ్‌లో రెండు రోజులు తిరిగినా దొరకలేదు. ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి.

స్పానర్, జడ్చర్ల:
దేవరకొండ రోడ్డులో ఒక షెడ్డు వెనక ముందు భాగం పోయిన కాంటెస్సా చూశాను. వెనక లైట్లు రెండూ ఉన్నట్టు గుర్తు. రేపు వెళ్లి చూసి ఫోటో పెడతాను తమ్మీ.