ఖతర్ 7వ ల్యాప్: మెక్‌లారెన్ లెక్క ఎక్కడ తప్పింది?

పెన్నాగట్టు (నెల్లూరు)

2025 ఫార్ములా వన్ ఛాంపియన్‌షిప్ తేలిపోయినా దర్గామిట్టలో మా వాళ్ళ మధ్య ఈ వాదన మాత్రం తెగలా. ఖతర్ రేసు 7వ ల్యాప్‌లో హల్కెన్‌బర్గ్, గ్యాస్లీ తగులుకుని సేఫ్టీ కారు (ప్రమాదమైతే అందర్నీ తన వెనక నిదానంగా నడిపే కారు) వచ్చింది. అప్పటికి మెక్‌లారెన్ డ్రైవర్ పియాస్ట్రి ముందున్నాడు, రెడ్‌బుల్ డ్రైవర్ వెర్‌స్టాపెన్ రెండు, మెక్‌లారెన్ రెండో డ్రైవర్ నోరిస్ మూడు. వెర్‌స్టాపెన్‌తో పాటు దాదాపు అందరూ టైర్లు మార్చుకోను లోపలికి పోయారు. మెక్‌లారెన్ మాత్రం రెండు కార్లనీ బయటే ఉంచింది. చివరికి వెర్‌స్టాపెన్ గెలిచాడు, పియాస్ట్రి 2, సైన్జ్ 3, నోరిస్ 4.

అది నిజంగా తప్పుడు నిర్ణయమేనా, లేక ఫలితం చూసి తప్పంటున్నామా? దాని వల్ల ఎక్కువ దెబ్బ తిన్నది నోరిస్సా, పియాస్ట్రినా? టైటిల్ 2 పాయింట్ల తేడాతో తేలింది కదా (నోరిస్ 423, వెర్‌స్టాపెన్ 421, పియాస్ట్రి 410), మరి ఆ 2 పాయింట్లు అసలు ఏ రేసులో పోయినట్టు? లెక్కలతో చెప్పగలిగినోళ్ళు చెప్పండన్నా.

కావలి_లెఫ్ట్‌ఫ్రంట్

మొదటి ప్రశ్నకు జవాబు టైర్ల లెక్కలోనే ఉంది తమ్ముడూ. ఖతర్ ట్రాక్ లుసైల్‌లో ఎడమ వైపు ముందు టైరు విపరీతంగా అరుగుతుందని టైర్ల కంపెనీ పిరెల్లి ఆ వారం ఒక్కో సెట్టుకి 25 ల్యాపుల హద్దు పెట్టింది. సేఫ్టీ కారు వెనక తిరిగిన ల్యాపులు కూడా అందులోకే వస్తాయి. క్వాలిఫైయింగ్‌లో (రేసుకు ముందు స్థానాలు తేల్చే పరుగు) వాడిన సెట్టయితే అప్పుడు తిరిగినవి కూడా తీసేయాల.

రేసు 57 ల్యాపులు. 25 హద్దుతో ఒక్క స్టాప్‌లో (టైర్లు మార్చుకోను ఆగడం) ముగించడం కుదరదు, కనీసం రెండు కావాల. రెండింటితోనే సరిపెట్టాలంటే మొదటి స్టాప్ ఎంత ముందు చేయొచ్చు? 57లోంచి 50 తీసేస్తే 7. అంటే సేఫ్టీ కారు సరిగ్గా రెండు స్టాపులకి సరిపోయే మొట్టమొదటి ల్యాప్‌లో వచ్చింది. ఒక్క ల్యాప్ ముందొచ్చినా లోపలికి పోయినోళ్ళకి మూడో స్టాప్ తప్పేది కాదు. 7లో పోయినోళ్ళకి మాత్రం 32లో రెండోది, 57లో జెండా. టైర్లు చిల్లర లేకుండా సరిపోయినాయి.

ఇక సేఫ్టీ కారులో స్టాప్ ఎందుకు చవకో చూడు. పిట్ లేన్‌లో (టైర్లు మార్చే చోటికి పోయే దారి) వేగం అక్కడ ఎప్పుడైనా గంటకు 80 కిలోమీటర్లే. మారేదల్లా బయట పోయే కార్ల వేగం. నెల్లూరు నుంచి ఒంగోలు పోతా దారిలో డీజిల్‌కి 5 నిమిషాలు ఆగావనుకో. మిగతా బండ్లు వందలో పోతుంటే నీకంటే 8 కిలోమీటర్లకు పైనే ముందుకు పోతాయి. రోడ్డు పని జరుగుతా అందరూ 40లో పాకుతుంటే 3 కిలోమీటర్ల చిల్లర. నువ్వు ఆగింది అదే 5 నిమిషాలు. రేసులో కూడా ఇంతే, మామూలు స్టాప్‌లో పోయే టైములో దాదాపు సగం మిగులుద్ది.

ఎట్టాగూ తప్పని రెండు స్టాపుల్లో ఒకటి సగం ధరకు దొరుకుతుంటే వదులుకోవడం తప్పే. ఫలితం చూడకుండా, 7వ ల్యాప్‌లోనే చెప్పగలిగిన తప్పు ఇది.

సింగరాయకొండ_స్లిప్‌స్ట్రీమ్

కావలి అన్న లెక్క కరెక్టే కానీ మెక్‌లారెన్ వైపు వాదన కూడా వినాల. 7లో ఆగినోడు 32కి కట్టుబడిపోయాడు. 20వ ల్యాప్‌లోనో 28లోనో ఇంకో సేఫ్టీ కారు వస్తే వాడుకోలేడు, వాడుకుంటే చివర్లో మూడో స్టాప్. బయట ఉన్నోడికి మొదటి స్టాప్ 25 లోపు ఎప్పుడైనా, రెండోది 32 నుంచి 50 మధ్య ఎప్పుడైనా. ఆ స్వేచ్ఛకి విలువ ఉంది.

పైగా రెండు కార్లని ఒకేసారి పిలిస్తే నోరిస్ పియాస్ట్రి వెనక పెట్టెలో (టీమ్ టైర్లు మార్చే చోటు) నిలబడాల. సేఫ్టీ కారులో అందరూ ఒకరికొకరు అంటుకుని ఉంటారు, 3 సెకన్లు నిలబడినా రెండు మూడు స్థానాలు పోతాయి. ఆ ట్రాక్‌లో దాటడం ఎంత కష్టమో అందరం చూశాం. మిగతా వాళ్ళంతా ఒక్కుమ్మడిగా లోపలికి పోతారని అనుకోలేదని మెక్‌లారెన్ టీమ్ బాస్ స్టెల్లా కూడా రేసయ్యాక చెప్పాడు.

కావలి_లెఫ్ట్‌ఫ్రంట్

సింగరాయకొండ అన్నా, ఆ స్వేచ్ఛ పనికొచ్చేది రెండో సేఫ్టీ కారు వస్తేనే. రావొచ్చేమోనన్న దాని కోసం చేతికొచ్చింది వదలడం ఏం లెక్క? ఇంకో మాట. సగం మంది లోపలికి పోయి సగం మంది బయట ఉంటే, పోయినోళ్ళు ట్రాఫిక్‌లో ఇరుక్కుంటారు, అప్పుడు మెక్‌లారెన్ పందెం కొంత నిలబడేది. కానీ 25 హద్దు అందరికీ ఒకటే, 57 ల్యాపులూ అందరికీ ఒకటే. ప్రతి టీమూ అదే కాగితం మీద అదే లెక్క వేసుకుని ఉంటుంది. సేఫ్టీ కారు 7లో వస్తే అందరూ లోపలికే పోతారని రేసుకు ముందే రాసిపెట్టుకోవాల్సిన ల్యాప్ అది. ఎదుటోళ్ళు ఏం చేస్తారో తప్పుగా ఊహించారు, అసలు తప్పు అక్కడ జరిగింది.

డబుల్ స్టాక్ (ఒకరి వెనక ఒకరు పెట్టెలో నిలబడడం) భయం నోరిస్‌కి సంబంధించింది. మరి ముందున్న పియాస్ట్రిని ఎందుకు బయటే ఉంచినట్టు?

ఒంగోలు_పిట్‌వాల్

కావలి తమ్ముడి ఆఖరి ప్రశ్న దగ్గరే రెండో ప్రశ్నకు జవాబుంది. పాయింట్లు చూద్దాం (గెలుపుకి 25, రెండుకి 18, మూడుకి 15, నాలుగుకి 12). ఖతర్‌కి ముందు రేసు వేగాస్ తర్వాత నోరిస్ 390, పియాస్ట్రి, వెర్‌స్టాపెన్ ఇద్దరూ 366. ఖతర్ స్ప్రింట్‌లో (శనివారం జరిగే చిన్న రేసు) పియాస్ట్రి గెలిచి 8, నోరిస్ మూడై 6, వెర్‌స్టాపెన్ నాలుగై 5. అంటే ఆదివారం రేసు మొదలయ్యేసరికి 396, 374, 371.

పియాస్ట్రిని 7లో పిలిచి, నోరిస్‌ని బయటే ఉంచారనుకోండి. పియాస్ట్రి ముందే ఉన్నాడు, వేగమూ ఉంది, గెలుపు అతనిదే అనుకుందాం. వెర్‌స్టాపెన్ రెండు. నోరిస్‌కి జరిగిందే జరిగి నాలుగు. అప్పుడు నోరిస్ 408, పియాస్ట్రి 399, వెర్‌స్టాపెన్ 389. నిజంగా జరిగింది 408, 392, 396. ఆ ఒక్క నిర్ణయం పియాస్ట్రి దగ్గర 7 తీసి వెర్‌స్టాపెన్ చేతిలో 7 పెట్టింది.

దాంతో ఆఖరి రేసు అబుదాబికి పియాస్ట్రి 9 వెనకబడి పోవాల్సినోడు 16 వెనకబడి పోయాడు. 9 తేడా అయితే, పియాస్ట్రి గెలిచిన పక్షంలో నోరిస్ కచ్చితంగా రెండో స్థానంలో రావాల్సి వచ్చేది, మూడోది సరిపోయేది కాదు (408కి 15 కలిపితే 423, పియాస్ట్రి 424). వెర్‌స్టాపెన్ అయితే 19 వెనకబడి, దాదాపు పోటీ బయట ఉండేవాడు.

అందుకే నా మాట: ఆ రాత్రి నష్టపోయింది పియాస్ట్రి. ఇద్దరినీ సమానంగా చూడాలని ఇద్దరికీ ఒకే నిర్ణయం తీసుకున్నారు. సమానం అంటే ముందున్నోడికి మొదటి పిలుపు, రెండోవాడికి దానికి ఎదురు పందెం. రెండు కార్లున్న టీమ్‌కి ఒక్క కారున్న ప్రత్యర్థి మీద ఉండే బలం అదే. మధ్యలో ఇరుక్కున్న వెర్‌స్టాపెన్ ఎటు పోయినా మెక్‌లారెన్ కారు ఒకటి అతని దారిలోనే ఉండేది.

కందుకూరు_చికేన్

మూడో ప్రశ్న నాకు వదలండి. 2 పాయింట్ల తేడా అన్నప్పుడు చాలామంది ఖతర్‌నే పట్టుకుంటారు, నేను ఇటలీ రేసు మోంజా అంటాను.

మోంజాలో వెర్‌స్టాపెన్ ముందు, నోరిస్ రెండు, పియాస్ట్రి మూడు. వెనకున్న ఫెరారీ డ్రైవర్ లెక్లెర్క్ నుంచి ముప్పు రాకుండా పియాస్ట్రిని ముందు పిలిచారు, మామూలుగా అయితే ముందున్న నోరిస్‌ది మొదటి హక్కు. తర్వాత నోరిస్ స్టాప్‌లో చక్రం దగ్గర ఇబ్బందొచ్చి 5.9 సెకన్లు పట్టింది, పియాస్ట్రి ముందుకొచ్చాడు. స్థానం తిరిగి ఇవ్వమన్నారు, ఇచ్చాడు. రెండుకి 18, మూడుకి 15. ఆ మార్పిడి లేకపోతే సీజన్ చివర నోరిస్ 420, వెర్‌స్టాపెన్ 421. మోంజా గెలిచింది వెర్‌స్టాపెనే కాబట్టి అతని పాయింట్లలో తేడా రాదు. కాగితం మీద టైటిలే చేయి మారింది.

రెడ్‌బుల్ వైపు అయితే స్పెయిన్ రేసు బార్సిలోనా. మూడు స్టాపుల ప్లాన్‌తో పోతున్న వెర్‌స్టాపెన్‌కి, చివర్లో సేఫ్టీ కారొచ్చేసరికి కొత్త సెట్టంటూ మిగిలింది హార్డ్ (గట్టి టైరు) ఒక్కటే. మిగతా వాళ్ళు సాఫ్ట్ (మెత్తనిది, పట్టు ఎక్కువ) మీద. కొన్ని ల్యాపులే తిరిగిన సాఫ్ట్ మీదే అతన్ని బయట ఉంచి ఉండొచ్చు, ఉంచలా. వేడెక్కని హార్డ్ మీద రీస్టార్ట్‌లో కారు అదుపు తప్పింది, లెక్లెర్క్ దాటిపోయాడు, మెర్సిడెస్ డ్రైవర్ రస్సెల్‌కి చోటివ్వమని టీమ్ చెప్పింది, ఆ కోపంలో రస్సెల్‌ని తగిలి 10 సెకన్ల శిక్ష. ఐదులోంచి పదికి పడ్డాడు. 10 పాయింట్లు రావాల్సిన చోట 1. తొమ్మిది పోయినాయి, ఓడింది రెండుతో.

రస్సెల్‌ని తగలడం డ్రైవర్ తప్పే, దాన్ని ఎవరి మీదా తోయలేం. కానీ ఆ స్థితికి తెచ్చింది టైరు.

సింగరాయకొండ_స్లిప్‌స్ట్రీమ్

మోంజా లెక్క అట్టా తీసేయడం కుదరదు చికేన్ అన్నా. అబుదాబిలో నోరిస్ మూడో స్థానం చాలని తెలిసి నడిపాడు. రెండు కావాలని తెలిస్తే వేరేగా నడిపేవాడు. ఒక రేసులో 3 పాయింట్లు మార్చి మిగతావి అట్టాగే ఉంటాయనుకోవడం తప్పు.

వేగాస్‌ని ఎవరూ తలవలేదేంది? కారు కింద పలక మందం 9 మిల్లీమీటర్లకంటే తగ్గకూడదు, రెండు మెక్‌లారెన్లూ తగ్గినాయి, రెండూ డిస్‌క్వాలిఫై. నోరిస్‌కి 18, పియాస్ట్రికి 12 పోయినాయి. ఆ 18 ఉండి ఉంటే ఖతర్ అయ్యేసరికి నోరిస్ 426, వెర్‌స్టాపెన్ 396. మిగిలింది 25. వెర్‌స్టాపెన్ కథ ఖతర్‌లోనే ముగిసేది. కారుని మరీ నేలకి దించి నడపడం కూడా ఒక వ్యూహమే, అది తప్పింది. నా దృష్టిలో సీజన్లో పెద్ద తప్పు అదే, 7వ ల్యాప్ కాదు.

ఒంగోలు_పిట్‌వాల్

వేగాస్ మాట ఒప్పుకుంటాను. పాయింట్ల బరువులో అదే పెద్దది.

పాత ఉదాహరణ ఒకటి చెప్పాల, 2010 అబుదాబి. ఫెరారీ డ్రైవర్ అలోన్సో 246, రెడ్‌బుల్ డ్రైవర్లు వెబర్ 238, వెటెల్ 231. వెటెల్ గెలిచినా అలోన్సోకి నాలుగో స్థానం చాలు. వెబర్ 11వ ల్యాప్‌లో ఆగాడని, అతన్ని కాచుకోను ఫెరారీ 15లో అలోన్సోని పిలిచింది. మొదటి ల్యాప్ సేఫ్టీ కారులోనే ఆగేసిన పెట్రోవ్ వెనక ఇరుక్కుని రేసంతా దాటలేక ఏడులో ముగించాడు. ముందున్న వెటెల్ గెలిచి 256తో ఛాంపియన్, అలోన్సో 252. వెబర్‌ని గెలిచారు, టైటిల్ పోయింది. కాచుకోవాల్సింది ఎవర్నో, స్టాప్ అయ్యాక ఏ కారు వెనక పడతామో, ఈ రెండూ చూడకుండా పిలిస్తే ఇదే జరుగుద్ది.

పెన్నాగట్టు (నెల్లూరు)

అందరికీ దణ్ణాలన్నా. ఇంకొక్కటి. రేసు నడుస్తుండగా మనమే ఇంట్లో కూర్చుని 'ఇప్పుడు ఆగితే ఎక్కడ పడతాడు' అని లెక్క కట్టాలంటే ఎట్టా? టీవీలో చూపించేది ఆలస్యంగా వస్తా ఉంది.

కావలి_లెఫ్ట్‌ఫ్రంట్

ఫోన్లో లైవ్ టైమింగ్ పెట్టుకో, పక్కన కాగితం. మొదట ఆగిన కారుని పట్టుకో. ఆగకముందు ల్యాప్‌లో అది, ఆగని ఇంకో కారుకంటే 4 సెకన్లు ముందుందనుకో. బయటికొచ్చి ఒక ల్యాప్ తిరిగాక అదే కారుకి 19 వెనకుంటే, ఆ ట్రాక్‌లో స్టాప్ ఖరీదు 23. స్టాప్ మరీ నిదానంగా జరిగితే ఆ అదనపు సెకన్లు తీసేయ్. 2 నుంచి 3 సెకన్లు మామూలు.

తర్వాత ఎవరి గురించి చూడాలన్నా, అతని వెనక 23 సెకన్లలో ఎవరున్నారో చూడు. ఆ చోట 2 సెకన్ల ఖాళీ ఉంటే పిలవొచ్చు, టైర్లు పాతబడిన నిదానం కారు ఉంటే ఇంకో రెండు ల్యాపులు ఆగాల. ప్రతి కారు పక్కనా టైరు రకం, ఎన్ని ల్యాపులు తిరిగిందో రాసుకో, అది రాయకపోతే లెక్క నిలవదు. సేఫ్టీ కారు వస్తే 23ని సగం చేసి మళ్ళీ చూడు. రెండు కార్ల టీమయితే ఇద్దరి మధ్య 4 సెకన్లయినా ఉందా లేదా చూడు, లేకపోతే రెండోవాడు పెట్టెలో నిలబడతాడు.

ఖతర్ లాంటి ల్యాపుల హద్దు ఉంటే రేసుకు ముందే ఒక గీత గీసుకో: మొత్తం ల్యాపుల్లోంచి హద్దుకి రెండింతలు తీసేస్తే వచ్చే ల్యాప్. ఆ ల్యాప్ నుంచి హద్దు ల్యాప్ దాకా సేఫ్టీ కారొస్తే, ముందున్న కారు లోపలికే.