స్టేక్ కత్తులు: పళ్ళున్నవి కొనాలా, నున్నటి అంచువా?

ప్రశ్న:
అందరికీ నమస్తే. మేం డల్లాస్ దగ్గర ఉంటాం. ఆదివారం వస్తే మావారు పెరట్లో గ్రిల్ మీద స్టేక్ (మందపాటి మాంసం ముక్క) చేస్తారు. నున్నటి అంచున్న ఆరు కత్తుల సెట్టు కొని ఏడాది కాలేదు, అప్పుడే తెగట్లేదు. ఎంత కోసినా ప్లేటు కిర్రుమంటుంది గానీ ముక్క ఊడి రాదు. మొన్న మా పెద్దబ్బాయి గట్టిగా నొక్కేసరికి మాంసం జారి ఒళ్ళో పడింది. వచ్చే నెల ఎనిమిది మందిని భోజనానికి పిలిచాం, ఒకటే టెన్షన్. ఈసారి పళ్ళున్నవి తీసుకోమంటారా?

జవాబు 1:
తప్పు కత్తిది కాదండీ, ప్లేటుది. మన కత్తిపీట గుర్తు చేసుకోండి. వంకాయ తరిగినా చేప కోసినా దాని అంచు గాలిలోనే ఉంటుంది, కింద దేనికీ తగలదు. మా అమ్మమ్మ కత్తిపీటకి ఎప్పుడో ఒకసారి సాన పట్టిస్తే సరిపోయేది. స్టేక్ కత్తి అలా కాదు, ప్రతి కోతా వెళ్ళి ప్లేటుకి తగులుతుంది. పింగాణీ మీద ఉండే మెరుపు పూత కత్తి ఉక్కు కంటే గట్టిది. ఎంత ఖరీదైన కత్తయినా దాని మీద రుద్దితే మొద్దుబారుతుంది.

ఒక పని చేయండి. కత్తి అంచుని బొటనవేలి గోరు మీద బరువు పెట్టకుండా ఏటవాలుగా ఆనించండి. పదునుంటే గోరుని పట్టుకుంటుంది, లేకపోతే జారిపోతుంది. ముందు మొన దగ్గర, తర్వాత పిడి దగ్గర చూడండి.

పళ్ళున్న కత్తికి ఈ బాధ తక్కువ. ప్లేటుకి తగిలేది పళ్ళ కొనలే, వాటి మధ్య గుంటల్లో ఉన్న పదును అలాగే నిలుస్తుంది. గడ్డి జారకుండా కొడవలి పళ్ళు పట్టుకున్నట్టు, ఇవి స్టేక్ మీద కాలిన పొరను పట్టుకుంటాయి. కాకపోతే కోత కాస్త చీల్చినట్టు వస్తుంది, పళ్ళు అరిగితే ఇంట్లో సాన పట్టడం కష్టం. పిల్లలున్న ఇంటికి నేను ఇవే చెబుతాను. మా ఇంట్లో విక్టోరినాక్స్ వాళ్ళవి వాడుతున్నాం. 11 సెంటీమీటర్ల అలుగు, ప్లాస్టిక్ పిడి, చూడటానికి సాదాగా ఉంటాయి. నాలుగేళ్ళయినా ఇంకా బాగా తెగుతున్నాయి.

జవాబు 2:
అన్నా, నేను మాత్రం నున్నటి అంచు వైపే. మంచి మాంసం తెచ్చి, అంత శ్రద్ధగా కాల్చి, చివర్లో రంపంతో కోసినట్టు కోస్తే మనసొప్పదు. మా ఇంట్లో స్టేక్ చెక్క పలక మీదే వడ్డిస్తాం, అంచు అంత తొందరగా పోదు. రెండు మూడు నెలలకోసారి 1000 గ్రిట్ (రాయి గరుకుదనం కొలత) సానరాయి మీద 15 నుంచి 20 డిగ్రీల వాలులో నాలుగు సార్లు అటూ ఇటూ లాగుతాను. ఆ ఓపిక ఉంటేనే ఈ రకం కొనండి.

ఇంకొకటి, పేరు చూసి డబ్బు పెట్టకండి. లాయోల్ అని కత్తుల మీద కనిపించే పేరు ఫ్రాన్స్‌లో ఒక ఊరిది. ఆ తరహా కత్తులు ఎక్కువగా అక్కడిదే తియేర్ అనే ఇంకో ఊళ్ళో తయారవుతాయి, చవక రకాలు చైనా నుంచి కూడా వస్తాయి. పిడి మీద తేనెటీగ బొమ్మ దాదాపు అన్నింటికీ ఉంటుంది, ఎక్కడ చేశారో పెట్టె మీద చదవాలి. జర్మనీలో కత్తులు చేసే జోలింగెన్ ఊరి సంగతి వేరు, ఆ పేరుకి 1938 నుంచి చట్టం రక్షణ ఉంది.

అడిగినవారు:
గోరు మీద పెట్టి చూశాను. మొన వైపు జర్రున జారింది, పిడి దగ్గర మాత్రం పట్టుకుంది! ఇన్నాళ్ళూ డిష్‌వాషర్‌లో కూడా వేశాను. ఇంకో సందేహం. మేం ఎక్కువగా స్కర్ట్ స్టేక్ (పొట్ట దగ్గరి పలచటి ముక్క) తెస్తాం. అది కోస్తే పొడవాటి పీచుల్లా వస్తోంది. అదీ కత్తి వల్లేనా?

జవాబు 1:
కాదండీ, అది కోసే దిక్కు వల్ల. స్కర్ట్ స్టేక్‌లో పీచు గీతలు కంటికే కనిపిస్తాయి. వాటి వెంట కోస్తే ఏ కత్తితోనైనా నమలలేం, అడ్డంగా కోయాలి. గ్రిల్ మీంచి దించాక ఐదు నిమిషాలు కదపకుండా ఉంచి, వంటింట్లోనే పెద్ద కత్తితో పీచుకి అడ్డంగా పలచగా కోసి వడ్డించండి. ఆ రోజుకి స్టేక్ కత్తుల అవసరమే ఉండదు.

డిష్‌వాషర్ మానేయండి. వేడికి చెక్క పిడి పగులుతుంది, గిన్నెలకి తగిలి అంచు చెడుతుంది. తినగానే చేత్తో కడిగి పొడిగుడ్డతో తుడిస్తే చాలు. పాతవి పారేయకండి, సాన పట్టిస్తే చెక్క పలక మీద నిమ్మకాయలు, పచ్చిమిరపకాయలు కోయడానికి హాయిగా పనికొస్తాయి.

అడిగినవారు:
చాలా థాంక్స్ అండీ ఇద్దరికీ. చెక్క పలకలు ఎనిమిది మందికి సమకూర్చడం నా వల్ల కాదు, పళ్ళున్నవే తీసుకుంటాను. ముందు రెండు విడిగా కొని ఈ ఆదివారం రిబ్ ఐ (పక్కటెముకల దగ్గరి స్టేక్) మీద చూస్తాను. పిల్లాడి చేతికి కుదిరితే మిగతా ఆరూ తెప్పిస్తాను.