ఫైబ్రోమయాల్జియాకు కొత్త మాత్ర వచ్చిందట, దాని కోసం ఆగొచ్చా?

ప్రశ్న (మెహిదీపట్నం):
అమ్మకి 52 ఏళ్లు. ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ (ఒంట్లో వాపు ఉందేమో చూసే రక్తపరీక్షలు), థైరాయిడ్ అన్నీ నార్మల్. ఫైబ్రోమయాల్జియా (ఒళ్లంతా దీర్ఘకాలం నొప్పులు, అలసట, నిద్ర సరిగా లేకపోవడం) అన్నారు. రాత్రి ప్రిగాబలిన్ (నరాల నొప్పి మందు) 75 మి.గ్రా. వేసుకుంటోంది, పగలంతా మగత, కాళ్ల వాపు. అమెరికాలో నాలుక కింద పెట్టుకునే మాత్ర వచ్చిందట. ఇది మానేసి దాని కోసం చూడొచ్చా? అసలు పూర్తిగా తగ్గుతుందా?

ఫార్మసిస్ట్:
టక్కున మాత్రం ఆపకండి. నిద్ర పట్టదు, తలనొప్పి, చెమటలు వస్తాయి. డాక్టరుకి చెప్పి కనీసం వారం పాటు తగ్గించుకుంటూ రావాలి. వాపు ఈ మందుతో వచ్చేదే. బీపీకి ఆమ్లోడిపిన్ కూడా వాడుతుంటే ఆ సంగతీ చెప్పండి, దానివల్లా కాళ్లు వాస్తాయి.

మీరు విన్నది సైక్లోబెంజాప్రిన్. 2025 ఆగస్టులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించింది. 2009లో మిల్నాసిప్రాన్ అనే మందు తర్వాత ఈ జబ్బుకి అక్కడ వచ్చిన మందు ఇదే. అయితే మందు పాతదే, కండరాలు పట్టేస్తే ఎప్పటినుంచో ఇస్తున్నారు. కొత్తదల్లా రాత్రి నాలుక కింద కరిగించడం. దాని గురి ముందు నిద్ర మీద. దానికి దగ్గరి చుట్టమైన అమిట్రిప్టిలిన్ 10 మి.గ్రా. మన దగ్గర దొరుకుతుంది, చవక కూడా. గ్లాకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు), గుండె లయ సమస్య ఉన్నవాళ్లకి పనికిరాదు. దీని గురించి అడగండి, ఆగడం దేనికి?

ఫిజియో:
ఐరోపా రుమటాలజీ (కీళ్లు, కండరాల జబ్బుల) మార్గదర్శకాలు గట్టిగా సిఫారసు చేసింది వ్యాయామం ఒక్కదాన్నే. చెడేది ఎక్కడంటే, నొప్పి లేని రోజున గంట నడిచేస్తారు, తర్వాత మూడు రోజులు మంచం దిగరు. 5 నిమిషాలతో మొదలుపెట్టండి, చదునైన చోట, అపార్ట్‌మెంట్ కారిడార్ అయినా సరే. జూబ్లీహిల్స్ ఎత్తుపల్లాలు ఇప్పుడే వద్దు. వారానికి 1-2 నిమిషాలే పెంచండి. మర్నాటికీ నొప్పి దిగకపోతే పాత లెక్కకి రండి. తేడా తెలియడానికి రెండు మూడు నెలలు పడుతుంది.

రుమటాలజీ నర్స్:
పూర్తిగా పోగొడతామని ప్యాకేజీ అమ్మేవాళ్లని నమ్మకండి. ఈ జబ్బు కీళ్లని తినేయదు, వంకర్లు తేదు. స్టెరాయిడ్లు దీనికి పనిచేయవు. ఈ జబ్బుకే ఇచ్చే డ్యులోక్సెటిన్ రాస్తే దాని మీద సొంతంగా ట్రమడాల్ అనే నొప్పి మాత్ర వేయకండి, మెదడులోని సెరొటోనిన్ అనే రసాయనం ప్రమాదకరంగా పెరగొచ్చు. పరిశోధనలో నాకు ఆశ కలిగించింది 2021 నాటిది: ఈ రోగుల రక్తంలోని యాంటీబాడీలు (రోగనిరోధక ప్రోటీన్లు) ఎక్కించిన ఎలుకల్లో నొప్పి సున్నితత్వం పెరిగింది. చికిత్సగా మారడానికి ఇంకా చాలా దూరం ఉంది. అమ్మకి గురక ఉందా?

ప్రశ్న అడిగినవారు:
బాగా ఉందండి.

రుమటాలజీ నర్స్:
అయితే ముందు స్లీప్ స్టడీ (నిద్రలో ఊపిరిని గమనించే పరీక్ష). నిద్రలో ఊపిరి ఆగుతుంటే ఏ మాత్రా నిద్రని బాగుచేయదు, పైగా ప్రిగాబలిన్ ఊపిరిని ఇంకా మందగింపజేయొచ్చు. హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రి రుమటాలజీ ఓపీకి వెళ్లినా, ఇంకెక్కడికి వెళ్లినా మొదట ఈ మాటే చెప్పండి.